ఫస్లీ తేదీలు, ఒకే ఒక్క వెర్షన్

మా ముత్తాత ఖానాపూర్ చుట్టుపక్కల ఊళ్లకు దేశ్‌ముఖ్, ఉండేది కోటలాంటి గడిలో. తాత శిస్తు చూసే మాలీ పటేల్. ఆయన దస్కతు పడనిదే ఊళ్లో ఏ కాగితమూ కదిలేది కాదు. బాపు దగ్గరికి వచ్చేసరికి కాగితాలు మాత్రమే మిగిలాయి. నేను కరీంనగర్‌లో ప్రోగ్రాములు రాసి బతుకుతాను.

నిజాం కాలం నాటి కాగితాల్లో తేదీలు ఫస్లీ అనే శిస్తు లెక్కల క్యాలెండర్‌లో ఉంటాయి: ఆజూర్, దై, బహమన్ నెలలు. వాటిని ఇప్పటి తేదీల్లోకి మార్చే చిన్న లైబ్రరీ ఒకటి రాసి, మా వంశం గురించి రెండు ముక్కలూ ఫోన్ నంబరూ చేర్చి నెట్‌లో పెట్టాను. ఎవరైనా తమ ప్రోగ్రాములో కలుపుకోవచ్చు. అది ఇంకెవరో రాసిన క్యాలెండర్ లైబ్రరీ మీద ఆధారపడుతుంది. దాని వెర్షన్ ఇదొక్కటే ఉండాలి, మరొకటి పనికిరాదని అందులో రాసిపెట్టాను.

ఒక శుక్రవారం చెన్నూరు నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. తండ్రి బొగ్గుబాయి కార్మికుడట. కరీంనగర్ వకీలు ఒకాయన కోసం పాత భూమి కాగితాలు సర్దే ప్రోగ్రాము చేస్తోంది. ఆమెకు అది మొదటి పని. సోమవారం ఆఫీసులో పెట్టి చూపించకపోతే ఆయన వేరేవాళ్లను చూసుకుంటానన్నారట. ఆమె వాడే మరో లైబ్రరీకి అదే క్యాలెండర్ లైబ్రరీ కొత్త వెర్షన్ కావాలి. నాది పాతదే కావాలంటుంది. ఒక ప్రోగ్రాములో రెండూ ఇమడవు. ఇన్‌స్టాలే కావడం లేదు.

"మీ లైబ్రరీ గడి దర్వాజ లెక్కున్నది పటేలా," అంది. "ఒక్కలకే తెరుచుకుంటది."

నాకు ఒళ్లు మండింది. మా ఇంట్లో రాసిన మాట మార్చరని చెప్పాను.

"మార్చకున్రి. గా నంబరే ఎందుకు రాసిన్రో గది జర చెప్పున్రి."

రాసిన రోజు నా కంప్యూటర్‌లో ఉన్నది ఆ వెర్షన్. అంతకుమించి కారణం లేదు.

వకీలు ఆఫీసులో పెట్టే ప్రోగ్రాముకైతే తనూ ప్రతి వెర్షన్‌నూ బిగించేస్తుందట, రేపు ఏదీ దానంతటది మారకుండా. పదిమంది కలుపుకునే లైబ్రరీలో మాత్రం వెర్షన్లు ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా పనిచేస్తాయో చెబితే చాలంది.

ఎక్కణ్నుంచి ఎక్కడిదాకా? నేనెప్పుడూ చూసుకోలేదు. శనివారం పొద్దున్నే ఇంటి కాగితాల కట్ట విప్పాను. ఫస్లీ తేదీ, ఇంగ్లీషు తేదీ పక్కపక్కన రాసి ఉన్నవాటిని ఏరి, క్యాలెండర్ లైబ్రరీ వెర్షన్లను ఒక్కొక్కటే మారుస్తూ లెక్క కట్టించాను. మరీ పాతవి మొదట్లోనే ఆగిపోయాయి. తర్వాతవి సరిగ్గానే చెప్పాయి. కొత్తవాటిలో ఒక్కటి మాత్రం లీపు సంవత్సరపు కాగితం దగ్గర ఒక రోజు వెనకపడింది. ఎందుకో వెతుకుతుంటే మధ్యాహ్నం దాటిపోయింది.

ఆదివారం కొత్త మాట రాశాను: ఫలానా వెర్షన్ నుంచి ఏదైనా సరే, ఆ వెనకపడ్డదొక్కటి తప్ప. ఇంకా రాని వెర్షన్లకు అడ్డు పెట్టాలా అని ఆమెను అడిగాను. వచ్చినంక చూద్దామంది. ఆ ధీమా నాకింకా అర్థం కాలేదు. అయినా అడ్డు పెట్టలేదు.

సోమవారం ఏరిన కాగితాలు సంచిలో పెట్టుకుని వకీలు ఆఫీసుకు నేనూ వెళ్లాను. ఇన్‌స్టాల్ అయింది. వకీలు అంతటితో ఒప్పుకోలేదు. తేదీ ముందే తెలిసిన కాగితం ఒకటి పెట్టి చూపించమన్నారు. ఆమె నావైపు చూసింది. సంచిలోంచి చేతికందినది, తేదీ తప్ప ఏముందో చదవకుండానే తీసి ఇచ్చాను. తేదీ సరిపోయింది, పని ఆమెకే ఇచ్చారు. ఇంకా కాగితం చేతిలోనే ఉంది కనుక మిగతాది కూడా ఆయన పైకి చదివారు. వాగు పక్క పన్నెండెకరాల వరి పండే తరి పొలం, బావితో సహా, మా తాత అమ్మేసిన కాగితం అది.