మామయ్య కూర్చుంటే పసుపెక్కే తెర

మొన్న మా మనవరాలి ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి బిగుసుకుపోతే, ఆ పిల్ల రెండు మీటలు నొక్కి, పెదవి విరిచి, కొత్తది కొనాల్సిందేనని తేల్చేసింది. నేనేమో కళ్లజోడు సర్దుకుని, ఎక్కడ వేడెక్కిందో, ఏ తీగ వదులైందో అని దాన్ని అటూ ఇటూ తడిమి చూస్తూ కూర్చున్నాను. నా ఈడువాళ్లకు ఈ తడుముడు రోగం తెలిసే ఉంటుంది.

పెళ్లయిన కొత్తలో నేను జార్జి టౌన్‌లో ఒక తెలుగు ప్రెస్సులో కంప్యూటర్ మీద శుభలేఖలు కూర్చేదాన్ని. నన్ను చేర్పించింది మా మేనమామ. ఆయన అదే ప్రెస్సులో ఏళ్ల తరబడి సీసపు అక్షరాలు పేర్చి, ఆ పని పోయాక, జుట్టు నెరిసిన వయసులో, తొండియార్‌పేట నుంచి బస్సులో వేలాడుతూ వచ్చి నా పక్కన కూర్చుని కీబోర్డు నేర్చుకున్నారు. పొద్దున నేను, మధ్యాహ్నం ఆయన, ఉన్న ఒక్క కంప్యూటర్ మీదే.

చిక్కేమిటంటే, నా దగ్గర బుద్ధిగా నడిచే ఆ యంత్రం మామయ్య కూర్చున్న కాసేపటికి తెరంతా పసుపెక్కి, ఆపైన బాణం గుర్తు ఎక్కడిదక్కడ ఆగిపోయి, సగం కూర్చిన శుభలేఖ పెళ్లికొడుకుతో సహా గల్లంతయ్యేది. మెకానిక్కు వచ్చి, మూత విప్పి, మెమరీ కార్డు తుడిచి పెట్టి, అంతా బాగానే ఉందని వెళ్లేవాడు. చివరికి మేమంతా ముదలాళి అని పిలిచే ఓనరు, ఈ వారం కూడా ఇలాగే అయితే మామయ్యను మానిపించక తప్పదన్నాడు.

"నా చెయ్యి దీనికి పడలేదుమ్మే. ఈడ ఇంక నాకేం పని?" అన్నారు మామయ్య. నాకు ఏడుపొచ్చింది, దానికి మించి పట్టుదల వచ్చింది. హస్తవాసి చూసి ఆగిపోయే యంత్రం ఉంటుందా అని, ఆ మధ్యాహ్నం ఇంటికి వెళ్లకుండా, ప్రూఫులు దిద్దుతున్నట్టు నటిస్తూ ఆయన్నే గమనించాను.

మామయ్య కూర్చుని, వంగి, బల్ల కిందున్న కంప్యూటర్ డబ్బాను తన కాలు తగలకుండా రెండు చేతులా గోడదాకా జరిపి, కళ్లకద్దుకున్నారు. అన్నం పెట్టే వస్తువుకు కాలు తగలడమా! సీసపు అక్షరాల దగ్గర అలవడిన మర్యాద అది. దాంతో తెరకు వెళ్లే తీగ గోడకు నొక్కుకుని వంగి తెర పసుపెక్కేది, డబ్బా వెనక వేడిగాలి పోయే దారి మూసుకుపోయి యంత్రం ఆగిపోయేది. నేనో, స్విచ్చి అందడం కోసం రోజూ పొద్దున్నే దాన్ని కాలితోనే ముందుకు లాక్కునేదాన్ని. భక్తి లేని నా కాలే దాన్ని బతికిస్తోందన్నమాట!

డబ్బాను ఎత్తి బల్లమీద పెట్టి, తీగ మరలు బిగించాం. సాయంత్రందాకా అది ఒక్కసారి కూడా ఆగలేదు. మామయ్య నవ్వుతారనుకున్నాను. ఆయన కళ్లు తుడుచుకుని, "అట్టయితే నా చెయ్యి మంచిదేనంటావామ్మే?" అన్నారు.

ప్రెస్సు మూతపడేదాకా ఆయన ఆ కుర్చీ వదల్లేదు. ఇప్పుడు యంత్రం చెడితే మార్చేసుకుంటున్నాం, తిప్పలు తప్పాయి, మంచిదే. కానీ ఆ వారం ఆయన్ని పంపేసి ఉంటే చివరిదాకా తన చేతినే తిట్టుకుంటూ బతికేవారు కదా అనుకుంటే ఇప్పటికీ నా గుండె కలుక్కుమంటుంది. పక్కన కూర్చుని చూసేవాళ్లు లేక, ఎంతమంది అలా తమనే తప్పుపట్టుకుని లేచి వెళ్లిపోయారో.