గడప మొక్కిన బిడ్డ

కొత్తవాడలో మాకు జంపఖానాల దుకాణం ఉంది. పొద్దున షట్టర్ ఎత్తగానే గడపను ముట్టి కళ్లకద్దుకోవడం మా తాత నాటి అలవాటు. నేను సగమే వంగి అయిందనిపిస్తాను. నడుము నొప్పి అని చెబుతాను కానీ, నిజానికి పొట్ట అడ్డం.

అలాంటిది, మూడో తరగతి చదివే నా బిడ్డ ఒకరోజు బడికి పోతూ దుకాణం గడపకు మొక్కింది. రెండడుగులు వేసి, వెనక్కి వచ్చి మళ్లీ మొక్కింది. మళ్లీ వచ్చింది. ఆటోవాడు హారన్ కొడుతున్నా వదల్లేదు. నా ఛాతీ ఉబ్బిపోయింది.

"మా ఇంట్ల లక్ష్మి పుట్టిందక్కా, సూడుండ్రి!" అని బేరానికి వచ్చినవాళ్లకు చూపించాను. వీడియో తీసి చుట్టాల గ్రూపులో పెట్టాను. దండం బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. అవన్నీ నాకే పెట్టారనుకున్నాను.

"గది మొక్కుడు కాదయ్యా, పిల్ల ఏడుస్తాంది" అంది నా భార్య. భక్తి ముదిరితే కన్నీళ్లు వస్తాయని ఆమెకే పాఠం చెప్పాను.

వారం తిరక్కుండానే పిల్ల అన్నం మానేసింది. "బాపూ, ముద్ద మింగితె సచ్చిపోత" అంది. ముత్యాల్లా రాసే పిల్ల చేతిరాత గజిబిజి అయింది. కళ్లు ఊరికే టపటపా కొట్టుకునేవి. అప్పుడు భయమేసింది నాకు. ఈ పిల్ల మళ్లీ మాకు దక్కదేమో అనిపించింది. దిష్టి తీశాం, తాయత్తు కట్టించాం, చివరికి హనుమకొండలో పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాం.

"మెల్లమెల్లగ వచ్చిందా, ఒక్కసారే వచ్చిందా?" అని అడిగిందామె. వీడియో ఉంది కదా, చూపించాను. ఆమె దండం పెట్టలేదు. "దీనికి ముందు గొంతునొప్పి, జ్వరం ఏమన్న వచ్చినయా?"

వచ్చాయి. ఐస్‌క్రీం మీద నేరం మోపి, మందుల షాపులో ఏదో గోలీ కొని వేశాను. దవాఖానకు పోవడానికి తీరిక లేకపోయింది. వీడియో తీయడానికి మాత్రం ఉంది.

కొందరు పిల్లల్లో ఇన్ఫెక్షన్ తర్వాత, ఒంటిని కాపాడాల్సిన శక్తే దారి తప్పి మెదడు మీద పడి, ఉన్నట్టుండి ఇలాంటివి తేవచ్చని చెప్పిందామె. పరిశోధన ఇంకా సాగుతోందట, డాక్టర్లలోనే చాలామందికి తెలియదట. "పిల్ల కావాలని చేస్తలేదు. ఇది భక్తి కాదు, మొండితనం కాదు" అంది. ఆ మాటకు నా భార్య కుర్చీలోనే ఏడ్చేసింది.

పరీక్షలు, మందులు, భయాన్ని కొంచెం కొంచెంగా ఎదిరించడం నేర్పే కౌన్సెలింగ్. నెలలు పట్టింది. మధ్యలో జలుబు చేస్తే మళ్లీ మొదటికి వచ్చేది.

ఇప్పుడు నేను పెద్ద ప్రచారకర్తను. "పిల్లలు ఉన్నట్టుండి మారిపోతే..." అని జంపఖానా విప్పుతూ మొదలుపెడతాను. వర్ధన్నపేట నుంచి పెండ్లికి జంపఖానాలు కొందామని వచ్చినవాళ్లు గొంతు పరీక్షల గురించి విని, ఉత్తచేతులతో పోతున్నారు.

"జర జంపఖానాలు గూడ అమ్మరాదయ్యా" అంటుంది నా భార్య.

మొన్న పొద్దున బిడ్డ సంచి ఊపుకుంటూ వచ్చి, బూట్లతోనే గడప తొక్కి ఒక్క దూకు దూకి ఆటో ఎక్కింది. వెనక్కి కూడా చూడలేదు. మా తాత ఉంటే వీపు చిట్లగొట్టేవాడు. బేరమాడుతున్న ముసలామె ముక్కున వేలేసుకుంది.

"ఏంది కొడుకా, నీ బిడ్డకు జర గూడ భక్తి లేదాయె?"

"పోయింది పెద్దమ్మా, దేవుని దయ" అన్నాను.

ఆ రోజు మాత్రం పొట్ట ఎంత అడ్డమొచ్చినా, పూర్తిగా వంగి గడపకు మొక్కాను.