వెనక పడవ

మంగళవారం ఉదయం నానమ్మ చెప్పులు గుమ్మం దగ్గర వీధివైపు తిరిగి ఉన్నాయి. ఎప్పుడూ అలాగే విడిచేది, లేచిన వెంటనే కాళ్లు దూర్చుకుని నడిచేందుకు వీలుగా. అమ్మ వాటిని తొక్కకుండా దాటి వచ్చి, "నానమ్మ పోయిందే బిడ్డా" అంది. నిద్రలోనే పోయింది.

పాతబస్తీలో మా హుస్సేనీ ఆలం వైపు వచ్చేవాళ్లు ఆమెను చూసే ఉంటారు. ఆమె రంగూన్‌లో పెరిగిందని మాత్రం చాలామందికి తెలియదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ ఊరి మీద బాంబులు పడినప్పుడు అక్కడి తెలుగువాళ్లు ఎందరో కాలినడకన బయలుదేరారు. దారిలో ఒక నది దగ్గర పడవ నిండిపోయింది. ఆమె తమ్ముడు ఒడ్డునే ఆగాడు.

"నువ్వు పో అక్కా, వెనక పడవల వస్త" అన్నాడట.

వెనక పడవ వచ్చింది. అందులో అతను లేడు.

అతను ఎడమ కాలు కొద్దిగా ఈడ్చి నడిచేవాడు. అందుకే నానమ్మ మనుషుల ముఖాలకన్నా ముందు కాళ్లు చూసేది. ఆమెతో ఉస్మాన్‌గంజ్ బజారుకు వెళితే ఒక పూట పట్టేది. ఉల్లిగడ్డలమ్మే భాయ్‌కి అది నవ్వులాట.

"క్యా అమ్మా, ఉల్లిగడ్డలు చూడవు, వచ్చేటోళ్ల పోయేటోళ్ల కాళ్లు చూస్తవు. చెప్పుల దుకాణం పెడ్తవా ఏంది?"

"నీ ఉల్లిగడ్డలు యాడికి పోతయి భాయ్? పోయేటోళ్లు ఆగరు గద."

నేను ఎవరితోనూ మాట్లాడని పిల్లను. మాట్లాడమని ఇంట్లో అందరూ పోరేవాళ్లు, ఆమె తప్ప. "ఉండనీయిండ్రి. చూసుడు గూడ పనే" అనేది.

నేను పదో తరగతిలో ఉండగా మా కాన్వెంటు బడిలో ఒక సాయంత్రం సిస్టర్ శరణార్థుల మీద సినిమా వేసింది. ఇంటి పెద్దలనూ రమ్మంటే నాతో నానమ్మ వచ్చింది. నేను చెవిలో తెలుగులో కథ చెప్పబోతే చేత్తో ఆపింది. తెర మీద మూటలతో, చంటిపిల్లలతో జనం నడుస్తున్నారు. వరుస చివర ఒకతను ఎడమ కాలు ఈడుస్తూ వచ్చి, తెర దాటి పోయాడు. నానమ్మ లేచి నిలబడింది.

"సిస్టరమ్మా, జర ఆపు. గా కాలు ఈడ్చేటాయనను మల్ల చూపియ్యి."

"ఏందే, మీ అవ్వకు హీరో నచ్చిండా?" అంది వెనకనుంచి ఒక అమ్మాయి. అందరూ నవ్వారు.

"మధ్యలో ఆపితే దీపం వేడికి రీలు కాలిపోతుందమ్మా. అయిపోయాక వేస్తాను, కూర్చోండి" అంది సిస్టర్.

అందరూ వెళ్లాక ఆ రీలును వెనక్కి చుట్టి మళ్లీ వేసింది. నానమ్మ తెర పక్కకు వెళ్లి నిలబడింది. అతను వచ్చాడు, పోయాడు. ఇంకోసారి వేయమని ఆమె అడగలేదు.

ఇంటి దారిలో తనే అంది.

"వాడు గాదని నాకెర్కనే బిడ్డా. వాడెట్ల నడుస్తుండెనో మర్చిపోతున్న. గందుకే చూసిన."

ఆ సినిమా ఏదో మంచు దేశానిది. అందులో నడిచినవాళ్లంతా తెల్లవాళ్లు.