నీలి చుక్కల దారి

నది మెట్ల నుంచి పాత నగరంలోకి నేలమీద నీలి చుక్కలు వేసిన దారి ఒకటి ఉంది. చూడ్డానికి జనం వస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ చుక్కలు మా అత్త నెత్తి మీంచి కారినవని వాళ్లకేం తెలుసు?

అత్త అంటే మా నాన్నకు అక్క. డెబ్బై రెండేళ్ల మనిషి. లెక్కపెట్టకుండా అడుగు వేయదు. డాక్టరు గది మెట్లు ఇరవై రెండు, పెరటి కొళాయి నుంచి దండెం దాకా పదకొండు అడుగులు. ఆ లెక్కల్ని వేళాకోళం చేసినవాళ్లలో నేనే మొదటివాణ్ణి.

ఆ అలవాటు చేసింది మా నాయనమ్మ. తల్లీకూతుళ్లిద్దరూ అద్దకం కార్ఖానాలో మోతకూలీలు. రంగు వేసిన గుడ్డల్ని నదిలో జాడించి, తడి మూటలు నెత్తిన పెట్టుకుని కార్ఖానా గడప దాకా మోసేవాళ్లు. నీలి నీళ్లు కళ్లలోకి కారితే భగ్గున మండేవి. అందుకని కళ్లు మూసుకుని లెక్కతో నడిచేవాళ్లు. తొంభై అడుగులకు ఎడమకి, నూట నలభైకి కుడికి, అరవైకి గడప. ముందు నాయనమ్మ, వెనక అత్త. గడప దగ్గర నాయనమ్మ "దించు" అన్నాకే అత్త మూట దించి కళ్లు తెరిచేది.

తర్వాత కార్ఖానా మూతపడింది, దారి మీద మార్కెట్ షెడ్లు లేచాయి. మొన్న వాటినీ కూల్చి నేల చదును చేశారు. పాత దారిని నేలమీద రంగులతో వేయించాలని పురపాలక సంఘం అనుకుంది. బొమ్మలు వేసే అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"ఏ మ్యాపులోనూ ఆ దారి లేదమ్మమ్మగారూ. ఇంజినీరుగారు తిన్నగా వేసేయమంటున్నారు. రేపు పొద్దున్నే పని మొదలు."

"తిన్నగా పోతే సున్నపు గుంటలో పడేవాళ్లం తల్లీ. పద, చూపిస్తా" అంది అత్త.

నది మెట్ల దగ్గర మొదలుపెట్టి, కళ్లు మూసుకుని నడిచింది. లెక్క పూర్తయ్యేసరికి మైదానం దాటి రోడ్డు మీద, బస్సు ముందు ఉంది. నేను చెయ్యి పట్టి లాగాను. "వయసైపోయింది కదా, పాపం" అన్నాడు అక్కడే ఉన్న ఇంజినీరు. నేను కూడా "ఇంక ఇంటికి పోదాం అత్తా" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

అత్తకు కోపం వస్తే వాదించదు, దుప్పట్లు ఉతుకుతుంది. ఆ సాయంత్రం నాలుగు ఉతికింది.

"మా అమ్మకు ఒక్క ఫొటో కూడా లేదురా. ఆ దారి కూడా లేదంటే, ఇంక ఆవిడ నడిచిందని ఎవరు నమ్ముతారు?" అంది.

తడి దుప్పట్లు నెత్తిన పెట్టుకుని దండెం వైపు వెళ్లి, టక్కున ఆగిపోయింది.

"పదకొండు రావాల్సింది, పదిహేడు వచ్చాయిరా" అంది. "నా మతి మండ! ఆ దారిని ఒట్టి నెత్తితో ఎప్పుడు లెక్కపెట్టాం? బరువుంటే అడుగు చిన్నది కదూ."

మర్నాడు పొద్దున్నే నది మెట్ల మీద దుప్పట్లు తడిపింది. నేను పిండబోతే, "పిండకు, బరువు పోతుంది" అని కసిరింది. నేను మోస్తానంటే, "నీ అడుగు వేరు" అంది.

నడిచింది. మెడ నిటారుగా, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ. వెనకే ఆ అమ్మాయి వంగి, కారిన ప్రతి చుక్క చుట్టూ సుద్దముక్కతో గీస్తూ వచ్చింది. ఎడమకి. కుడికి. అరవై. ఆగింది.

అక్కడ ఒట్టి మట్టే ఉంది. ఇంజినీరు పెదవి విరుస్తూనే పార తెప్పించాడు. జానెడు లోతులో రాయి తగిలింది. మట్టి తుడిస్తే గడప. మధ్యలో అడుగుల రాపిడికి అరిగిపోయి, అరిగిన చోటల్లా నీలంగా ఉంది. ఇంజినీరు తను తిన్నగా వేయించిన సున్నపు గీతను తన బూటుతోనే చెరపడం మొదలుపెట్టాడు.

"దొరికింది అమ్మమ్మగారూ, ఇంక కళ్లు తెరవండి" అంది ఆ అమ్మాయి.

అత్త తెరవలేదు. మూట దించలేదు. నీళ్లు చెంపల మీంచి కారుతున్నాయి, మెడ వణుకుతోంది, అయినా అలాగే నిలబడింది. ఎందుకో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. దగ్గరకు వెళ్లి రెండు చేతులూ మూట కింద పెట్టాను.

"దించు" అన్నాను.