ఎనిమిదో గీత

"మనిషే పోయిండు. ఇగ గా డబ్బాలు ఎవలి కోసం నడుస్తున్నయ్ రా?" అని నిన్న సార్ తమ్ముడు నన్ను అడిగారు.

అలియాబాద్ రైతు కోసం. నిన్న చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను.

మా సార్ పోయి నాలుగు రోజులైంది. గుండె ఆగింది. డబ్బాలు ఆగలేదు.

జీడిమెట్లలో తమ్ముడి గదిలో ఎనిమిది పాత కంప్యూటర్లు పెట్టి, శామీర్‌పేటలో ఇంట్లో కూర్చునే సార్ వాటితో పని చేయించేవారు. కొత్త బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో తేల్చడానికి ఊళ్ల బోర్ల లెక్కలను ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కోదానికి ఒక్కోటి పంపేవారు. అన్నీ ఒకేసారి లెక్క కట్టేవి. పంపగానే ఇంటి గోడ మీద సుద్దతో ఎనిమిది గీతలు. జవాబు వచ్చినప్పుడల్లా బొటనవేలితో ఒకటి చెరిపేవారు.

బడి మధ్యలో మానేసి ఆటో తోలే నేను, ఆ డబ్బాలు మోయడానికి వచ్చి సార్ దగ్గరే ఉండిపోయాను.

పోయిన ఎండాకాలం ఒక లెక్క పంపి సార్ ఊరెళ్లారు. ఏడు జవాబులు వచ్చాయి. ఎనిమిదోది ముసలి డబ్బా, ఎప్పుడూ ఆలస్యమే. అలియాబాద్ రైతేమో ఫోన్ల మీద ఫోన్లు. నేను ఏడింటినే కలిపి, బోరు ఎక్కడ వేయాలో చెప్పేశాను. చివరి గీత నేనే చెరిపాను. అతని చుట్టుపక్కల బోర్ల లెక్కంతా ఎనిమిదో ముక్కలోనే ఉందట. బోరులో దుమ్ము తప్ప ఏమీ పడలేదు. వంకాయ తోట ఎండిపోయింది.

సార్ ఆ తోటలో రైతు ముందు నిలబడి, "తప్పు నాదే అన్నా" అన్నారు. నా పేరు ఎత్తలేదు. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఒక్కటే మాట: "ఎనిమిది మందిని పనికి తోలినం. ఏడుగురొస్తె తలుపేసుకుంటమా రా?"

ఆ రైతు మళ్లీ బోరు వేయాలి. సార్ లెక్క వచ్చాకే వేస్తానని ఆగాడు. చనిపోయే ముందురోజు సార్ ఆ లెక్క పంపి, ఏడు గీతలు చెరిపారు. ముసలి డబ్బా ఇంకా నడుస్తోంది. పని పూర్తయ్యేదాకా జవాబు దాని లోపలే ఉంటుంది. మధ్యలో కరెంటు తీస్తే ఏమీ మిగలదు. జవాబులు కలపడం వచ్చు గానీ, మళ్లీ పంపడం నాకు రాదు. నేర్పిస్తానని సార్ ఎన్నిసార్లు పిలిచినా, కుదురుగా కూర్చోలేదు.

"రేపు పదింటికి స్విచ్ బంద్ జేస్త. గది ఖాళీ జెయ్యాలె" అన్నారు నిన్న తమ్ముడు.

"రెండు దినాలు ఆగుండ్రి చిన్నసార్."

"నువ్వెవడివి రా నాకు చెప్పనీకె?"

గోడ మీద ఏడు బొటనవేలి మరకలు. పక్కన ఒక గీత.

తొమ్మిదిన్నర అయింది. నేను జీడిమెట్ల పోవాలి.