నల్లటి పుట్టకొక్కులు

మా ఊళ్లె వానలు పడ్డంక ఎవరు పుట్టకొక్కులు, అవే పుట్టగొడుగులు, ఏరుకొచ్చినా ముందుగాల నాకే సూపిచ్చేటోళ్లు. మా అమ్మ గొర్లెంబడి గుట్టలన్ని తిరిగిన మనిషి, ఏది తినొచ్చో ఏది తినొద్దో నాకు చిన్నప్పుడే చెప్పింది. నేను సరే అంటెనే కూర పొయ్యి మీదికెక్కేది. దాంతోని నాకు లోపల మస్తు గర్వముండె.

తెలంగాణ వచ్చినంక ఒక వానకాలం, మా చిన్న తోటికోడలి బిడ్డ నెల తప్పి జడ్చర్ల నుంచి తల్లిగారింటికొచ్చింది. ఏం తిన్నా కక్కుకుంటాంది. పుట్టకొక్కుల కూరైతె తినబుద్ధయితాందని అన్నదట. తెల్లారంగనే తల్లి గుట్టెక్కింది. పొద్దెక్కినంక కొంగు నిండ తెచ్చి మా వాకిట్ల పోసింది.

అన్నీ నల్లగ, బండ రంగున్నయి. ఒక్కొక్కటి అరచెయ్యంత. కాడలు సగానికి విరిచి తెచ్చింది. నేనెరిగినయన్ని తెల్లటియే. పక్కింటోళ్లు గూడ చుట్టు నిలవడ్డరు.

"అక్కా, ఇవి తినేటియేనా?"

నాకు తెల్వలే. అంతమంది ముందల తెల్వదననీకె నోరు రాలే.

"విషపుయి. పెంట మీద పారెయ్" అన్న.

తల్లెంబడొచ్చిన ఆ పిల్ల వాటిదిక్కే చూస్కుంట ఉమ్మి మింగింది. "పోనీ తీ పెద్దమ్మా" అన్నది.

మర్నాడు మనసాగక, తోటికోడలు చెప్పిన జాగకు నేనే పోయిన. చెదల పుట్ట పక్కన ఇంకా నాలుగు మిగిలినయి. కట్టెతోని తవ్వితె కాడ సన్నగయి, వేరు లెక్క మోచేతి లోతు పుట్టలకే దిగింది. మా అమ్మ చెప్పిన గుర్తు గదే. ఇంటికి తెచ్చి వండుకొని, ముందు నేనొక్కదాన్నే జరంత తిన్న. ఏం గాలే. అంత కమ్మటి కూర నేనెన్నడు తినలే. మిగిలింది పిల్లకిద్దామని పోయేసరికి మొగడొచ్చి పిల్లను బండి మీద తీస్కపోయిండు.

తోటికోడలు వాకిట్ల బియ్యం చెరుగుతాంది. జరిగింది చెప్పిన. చాట ఆపి నా మొఖం చూసింది.

"తెల్వదంటె నేనేమన్న అందునా అక్కా? ఇంకొకల్లను అడుగుదును గద."

నాకు భూమిలకు పోదామనిపిచ్చింది. ఆమెనే లేసి చాయ్ పెట్టింది.

ఇప్పటికీ వానలు పడితె ఊరోళ్లు కొక్కులు నా వాకిట్లకే తెస్తరు. ఎక్కడ మొలిచినయో తోలుకపోయి సూపియ్యమని నేనంట. తోటికోడలు మాట్లాడుతది, పండుగకు పిలుస్తది, పిల్లగాండ్లను మా ఇంటికి తోలుతది. కొక్కులు మాత్రం తేదు.