వెర్నా నొక్కని మీట

వెర్నా క్రౌలీ డెబ్బై రెండేళ్లలో ఏ ప్రభుత్వ కాగితం మీదా అబద్ధం రాయలేదు. ఆమె అమ్మే మందు ప్రభుత్వ జాబితాలోంచి తొలగిపోవడానికి కారణం అదే.

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు తీరాన, మా రేవులో రొయ్యల్లాంటి లాబ్‌స్టర్లు పట్టేవాళ్ల పెదవులను ఎండా ఉప్పుగాలీ కలిసి చీల్చేస్తాయి. ఆమె భర్త కారల్ పడవ అమ్మేశాక తేనెమైనంలో జింకు పొడి కలిపి పెదవులకు పూత చేశాడు. ఉత్త మైనమైతే అది ప్రభుత్వం లెక్కలో అలంకరణ సామగ్రి. ఎండనుంచి కాపాడుతుందని గొట్టం మీద రాసిన క్షణం నుంచి మందు. మందుకు పది అంకెల సంఖ్య ఉండాలి: తయారీదారుకు కొన్ని అంకెలు, సరుకుకు కొన్ని, ప్యాకింగుకు కొన్ని. ఏటా డిసెంబరు ముగిసేలోగా, ఏమీ మారలేదని కంప్యూటర్‌లో ధ్రువీకరించాలి. రేవులో అందరి కాగితాలూ చూసిపెట్టేది నేనే గనక, ఆ పత్రాల నకళ్లన్నీ నా దగ్గరున్నాయి.

నిరుడు ఆగస్టులో కారల్ పోయాడు. ఈ మే నెలలో రేవు దుకాణదారు మెర్ల్ ఆమె తెచ్చిన పెట్టెను నా ఎదుటే వెనక్కి నెట్టాడు.

"నీ నంబరు చచ్చిపోయింది వెర్నా. కంప్యూటర్ తీసుకోనంటోంది. బతికించుకుని రా."

"చచ్చినవాళ్లని బతికించడం నాకొస్తే, నంబరుతో మొదలెడతానా మెర్ల్?"

ఆమె వంటింటి బల్ల దగ్గర, ప్రభుత్వం నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ చదివాను. "డిసెంబరులో ధ్రువీకరణ మీట ఎందుకు నొక్కలేదు?"

"ఏమీ మారలేదని ఒప్పుకోమంది. అప్పటికి ఆయన పోయి నాలుగు నెలలు. నువ్వైతే నొక్కుతావా ఎల్వుడ్?"

"అది అడిగింది మందు గురించి, నీ గురించి కాదు."

"మందు కలిపిందెవరు మరి?"

మారినదేమిటో అడగకుండా, మారలేదని మాత్రమే ఒప్పుకోమనే వాక్యాన్ని నేను ప్రశ్న అనను. దాన్ని రాసిన వ్యక్తి ఇంట్లో ఎవరూ చనిపోలేదు కాబోలు! మార్పు చెప్పుకునే చోటు వేరే పుటలో, నాలుగు మెట్లు దిగితే గాని కనిపించనంత లోతున ఉంది. అక్కడ సంస్థ ప్రతినిధి: కారల్ క్రౌలీ. ఆ పేరు తీసి ఆమె పేరు రాయాలి. రాయకపోతే పూత అక్కడితో ఆగిపోతుంది.

"నువ్వే చెరుపు," అంది.

"అది నీ సంస్థ, వెర్నా. నేను ముట్టుకోకూడదు."

ఆమె చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరిపింది. ఖాళీ గడిని చాలాసేపు చూసి, తన పేరు కొట్టింది. తరువాత మందు గురించి అడిగినప్పుడు, ఏమీ మారలేదని నొక్కింది.

కొన్ని రోజులకు సంఖ్య జాబితాలోకి తిరిగివచ్చింది. మెర్ల్ పెట్టె తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఆమె షెడ్డుకు, కారల్ పూత కలిపిన చోటికి, వెళ్లాను. కరిగిన మైనాన్ని సన్నని గొట్టాల్లోకి ఒంపుతోంది.

"మూతలు నేను పెట్టనా?"

"వద్దు ఎల్వుడ్. ఇక్కడ ఇంకో మనిషి అలికిడి వినిపిస్తే, ఆయనేనేమోనని తలెత్తి చూస్తాను."

తలుపు చప్పుడు కాకుండా మూసి వచ్చేశాను.